గది వేడెక్కితే ప్రాసెసర్ ఏం చేస్తుంది? లిక్విడ్ కూలర్ గురించి ఖమ్మం పాఠకుడికి జవాబు

ప్రశ్న: మాది ఖమ్మం. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు ఎడిటింగ్ చేస్తాను. కంప్యూటర్‌లో ఇంటెల్ కోర్ ఐ7-14700కె ప్రాసెసర్, దాని మీద ఒకే టవర్ ఉన్న ఎయిర్ కూలర్, 32 జీబీ ర్యామ్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 ఉన్నాయి. చలికాలంలో బాగానే నడిచింది. మార్చి నుంచి ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ప్రాసెసర్ 100 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్యాన్ హోరు భరించలేకపోతున్నాను. రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ మధ్యలో ప్రోగ్రాం మూసుకుపోయింది. గది డాబా మీద ఉంది, ఏసీ లేదు, గడ్డి ప్యాడ్ల కూలర్ ఉంది. షాపులో 240 లిక్విడ్ కూలర్ వేయించుకోమన్నారు. మా బావమరిది మాత్రం నీళ్లు కారితే గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు రెండూ పోతాయని అంటున్నాడు. కొనాలా వద్దా? కొంటే ఏది? నేనే బిగించుకోగలనా? ముహూర్తాల పనంతా నెత్తి మీద ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొనండి. 240 సైజు కాదు, 360 సైజు కొనండి. మీరే బిగించుకోగలరు కూడా. అయితే డబ్బు తీసే ముందు ఒక గంట కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 100 డిగ్రీల మాట కాదు, ప్రోగ్రాం రెండుసార్లు మూసుకుపోయిందన్న మాట.

వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీ చిప్‌కు ఆ హద్దు 100 డిగ్రీలు. దానివల్ల ఎక్స్‌పోర్ట్ ఆలస్యమవుతుంది, అంతే. ప్రోగ్రాం ఉన్నట్టుండి మూసుకుపోవడానికి మామూలుగా వేరే కారణం ఉంటుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో అవసరానికి మించిన వోల్టేజ్ వెళ్లి, లోపలి సర్క్యూట్ క్రమంగా దెబ్బతినే లోపం ఉందని 2024లో ఇంటెల్ కంపెనీయే ఒప్పుకుంది. దాన్ని ఆపడానికి ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు, అంటే ప్రాసెసర్ లోపలి పనిని సరిదిద్దే చిన్న అప్‌డేట్‌లు, ఇచ్చింది. ఇవి మదర్‌బోర్డు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్‌లో భాగంగా వస్తాయి. మీ చిప్ ఆ జాబితాలో ఉంది. బయాస్ పాతదే అయితే, ఎంత మంచి కూలర్ పెట్టినా ఈ లోపం పోదు.

కాబట్టి మొదట మీ మదర్‌బోర్డు మోడల్ చూసుకుని, తయారీదారు సైట్ నుంచి తాజా బయాస్ ఎక్కించండి. ఆ కాసేపు యూపీఎస్ తప్పనిసరిగా ఉండాలి. బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. తర్వాత బయాస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. ఇదంతా చేశాక కూడా ప్రోగ్రాం మూసుకుపోతుంటే, ర్యామ్ వేగాన్ని మామూలు స్థాయికి దించి ఒకసారి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ప్రాసెసర్ ఇప్పటికే దెబ్బతిని ఉండొచ్చు. జరిగిన నష్టాన్ని అప్‌డేట్ బాగు చేయదు. కానీ ఈ చిప్‌లకు ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది. బిల్లు వెతికి పెట్టుకోండి, ఆ హక్కు వదులుకోకండి.

బయాస్‌లో ఉండగానే ఇంకొకటి చూడండి. మీ ప్రాసెసర్ బేస్ పవర్ (మామూలు వేగంలో) 125 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ (పూర్తి వేగంలో) 253 వాట్లు. చాలా బోర్డులు ఈ రెండో హద్దును కూడా ఎత్తేసి వచ్చేవి. కొన్ని బోర్డుల్లో మీ కూలర్ ఏ రకమని అడుగుతుంది. వాటర్ కూలర్ అని నొక్కితే పవర్ లిమిట్ 4096 వాట్లు అయిపోతుంది, అంటే హద్దు లేనట్టే. బిగించినవాళ్లు ఎవరైనా దాన్ని నొక్కి వదిలేస్తే, మీ ఒంటి టవర్ కూలర్ మోయలేని వేడిని ప్రాసెసర్ పుట్టిస్తూనే ఉంటుంది. ఈ రోజుకి ఆ రెండు పవర్ లిమిట్లనూ 125 వాట్లకు దించి, అదే వీడియోను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, టైం రాసుకోండి. వాట్లు సగానికి తగ్గాయని వేగం సగం కాదు. చివరి కొంచెం వేగం కోసమే ఈ చిప్ ఎక్కువ కరెంటు తాగుతుంది. కొత్త కూలర్ వచ్చేదాకా మీ ముహూర్తాల పని ఈ సెట్టింగ్‌తో గడిచిపోతుంది.

ఎడిటింగ్ చేసేవాళ్ల కోసం ఒక చిన్న సంగతి. మీ ప్రాసెసర్‌లోనే ఒక గ్రాఫిక్స్ భాగం ఉంది. కొన్ని కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ రకం వీడియో ఫైళ్లను విప్పే పని మీ 4060 చేయలేదు, ఆ భాగం చేయగలదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక బయాస్‌లో అది ఆఫ్ అయి ఉంటే ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉన్నంతకాలం ఆ బరువంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది, వేడిలో కొంత అక్కడి నుంచే వస్తుంది.

ఇక లిక్విడ్ కూలర్ సంగతి.

మన ఇళ్లలో కూలర్ అనగానే గుర్తొచ్చేది గడ్డి ప్యాడ్ల మీద నీళ్లు కారుతూ ఉండే పెద్ద డబ్బా. అందులో నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటాయి, అందుకే బయటి గాలి కంటే చల్లని గాలి వస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ అలాగే. కంప్యూటర్ లిక్విడ్ కూలర్ అలాంటిది కాదు. అందులో ద్రవం మూసిన పైపుల్లో తిరుగుతుంది, ఆవిరి కావడం అనేది లేదు. అది కారు రేడియేటర్‌కు చుట్టం. ప్రాసెసర్ మీద కూర్చున్న రాగి పలక వేడిని పట్టుకుంటుంది, చిన్న పంపు ఆ వేడి ద్రవాన్ని రేడియేటర్‌కు తోస్తుంది, ఫ్యాన్లు గది గాలిని రెక్కల మధ్య నుంచి పంపి ఆ వేడిని బయటికి వదులుతాయి. అంటే గది గాలి కంటే చల్లగా ఎప్పటికీ చేయలేదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికైపోతాయి.

జనవరిలో మీ గది 25 డిగ్రీలుండి, ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్ 86 డిగ్రీలకు చేరిందనుకుందాం. అంటే గది కంటే 61 డిగ్రీలు పైన. అదే కూలర్, అదే పని, అదే పవర్. ఏప్రిల్ మధ్యాహ్నం డాబా గది 39 డిగ్రీలైతే ఆ 61 డిగ్రీల తేడా అలాగే ఉండి, ప్రాసెసర్ 100కు చేరుతుంది. మీ కూలర్ పాడవలేదు, గది మారింది. చలికాలంలో బాగానే నడిచింది అని మీరు రాసిన మాటకు జవాబు ఇదే. రేపు లిక్విడ్ కూలర్ పెట్టినా ఈ లెక్క మారదు. మారేది ఆ 61 మాత్రమే. 61ని ఎంత తగ్గించగలం అన్నదే అసలు ప్రశ్న.

దాన్ని తగ్గించడంలో లిక్విడ్ కూలర్‌కు రెండు అనుకూలతలున్నాయి. మొదటిది, మూడు ఫ్యాన్ల వెడల్పున్న రేడియేటర్‌ను ప్రాసెసర్ మీద కూర్చోబెట్టలేం. కానీ పైపులుంటే దాన్ని కేసు పైభాగానికి బిగించవచ్చు, వేడిని అక్కడి నుంచే బయటికి పంపవచ్చు. రెండోది, బరువుకు బరువు చూస్తే నీరు గాలి కంటే దాదాపు నాలుగు రెట్లు వేడిని దాచుకుంటుంది. మీరు టైమ్‌లైన్ మీద కట్ చేస్తూ మధ్యమధ్యలో చిన్న రెండర్లు పెట్టేటప్పుడు ఆ కొద్దిసేపటి వేడిని ద్రవం మింగేస్తుంది, ఫ్యాన్లు హోరెత్తవు. కానీ గంటన్నర ఎక్స్‌పోర్ట్ పెడితే ఇరవై ముప్పై నిమిషాల్లో ద్రవం కూడా వేడెక్కి ఒకచోట నిలుస్తుంది. అక్కడి నుంచి పని చేసేదంతా రేడియేటర్ పరిమాణం, ఫ్యాన్ల గాలి. మీ పని ఇలాంటిదే కాబట్టే 240 వద్దంటున్నాను. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, 360 అంటే మూడు. రేడియేటర్ విస్తీర్ణం ఒకటిన్నర రెట్లవుతుంది. ఆట ఆడేవాళ్లకు ఈ చిప్ మీద 240 సరిపోవచ్చు, ఆటల్లో ప్రాసెసర్ పూర్తి బరువు ఎత్తదు. గంటల తరబడి అన్ని కోర్లూ పనిచేసే మీ గదిలో, మీ ఎండల్లో సరిపోదు. 120 సైజు సంగతి ఎత్తను కూడా ఎత్తను. దానికంటే మంచి ఎయిర్ కూలర్ మేలు.

ఇది చదువుతున్న మిగతావాళ్లు అందరూ లిక్విడ్ కూలర్ కొనేయాలని కాదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల చిప్‌లకు మూడు వేల లోపు టవర్ కూలర్ చాలు. రైజెన్ 7 7800ఎక్స్3డి కూడా ఆటల్లో చాలా తక్కువ కరెంటే తీసుకుంటుంది. రెండు టవర్ల ఎయిర్ కూలర్ నాలుగైదు వేలకు వస్తుంది, అందులో చెడిపోయేది ఫ్యాన్ ఒక్కటే. రైజెన్ 7 7700ఎక్స్ వాడేవాళ్లు 95 డిగ్రీలు చూసి భయపడుతూ నాకు రాస్తుంటారు. ఆ చిప్ 95 వరకు వెళ్లి అక్కడ నిలబడేలాగే తయారుచేశామని ఏఎండీ చెప్పింది. వాళ్లు బయాస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెట్టి చూస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా వేడి దిగుతుంది.

మీ విషయానికొస్తే, కొనే ముందు టేపు తీసుకుని కేసు కొలవండి. మార్కెట్లో ఎక్కువ రేడియేటర్ల మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25 మిల్లీమీటర్లు, కలిపి 52. పొడవు 390 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆర్కటిక్ లిక్విడ్ ఫ్రీజర్ లాంటి వాటి రేడియేటర్ 38 మిల్లీమీటర్లు, ఫ్యాన్‌తో కలిపి 63. చల్లదనం బాగుంటుంది, కానీ ప్రతి కేసులోనూ పట్టదు. కేసు పై రేకు లోపలి వైపు నుంచి మదర్‌బోర్డు పై అంచు దాకా ఎంత ఖాళీ ఉందో చూడండి. అంచు పక్కనే ఉండే పవర్ హీట్‌సింక్‌లకు (వేడిని లాగే లోహపు దిమ్మెలకు), ఎత్తైన ర్యామ్ స్టిక్‌లకు ఫ్యాన్ తగలకూడదు. ఈ కొలతలు కాగితం మీద రాసుకుని, కేసు మోడల్ పేరుతో సహా షాపుకు తీసుకెళ్లండి. హైదరాబాద్ పని ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో ఒకే చోట పది రకాలు చూసుకోవచ్చు. కొలతలు చేతిలో ఉంటే అక్కడ ఎవరి మాటకూ తలూపాల్సిన పనిలేదు.

ధర మాటకొస్తే 360 సైజువి సుమారు ఏడెనిమిది వేల నుంచి మొదలై, ఇరవై వేలు దాటినవి కూడా ఉన్నాయి. పైకి వెళ్లేకొద్దీ పెరిగేది ఎక్కువగా లైట్లు, పంపు మీద చిన్న తెర లాంటివి. వాటికి డబ్బు పెట్టొద్దు. డబ్బు పెట్టాల్సింది వారంటీకి. మోడల్‌ను బట్టి మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా ఇస్తారు. ఐదేళ్లు, ఆరేళ్లు ఉన్నదే తీసుకోండి. అది ఇండియాలో చెల్లే వారంటీ అయి ఉండాలి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, మీది ఎల్‌జీఏ 1700 రకం. కొత్త ఎల్‌జీఏ 1851కు కూడా అవే రంధ్రాలు కాబట్టి రేపు బోర్డు మార్చినా కూలర్ పనికొస్తుంది. సెకండ్ హ్యాండ్ లిక్విడ్ కూలర్ మాత్రం ఎంత తక్కువకు వచ్చినా కొనకండి. రబ్బరు పైపుల గోడల గుండా ద్రవం ఏళ్ల తరబడి సూక్ష్మంగా ఇంకిపోతుంది, పంపు అరుగుతుంది. ఎన్నేళ్లు నడిచిందో పైకి కనపడదు.

బావమరిది భయం గురించి. ఆయన ఊరికే అనలేదు. 2004లో యాపిల్ పవర్ మ్యాక్ జీ5లో లిక్విడ్ కూలింగ్ పెట్టింది. ఆ తరం యంత్రాల్లో కొన్ని ఏళ్లు గడిచాక లీకై లోపలి భాగాలను తినేశాయి. ఇప్పుడు అమ్మేవి ఫ్యాక్టరీలోనే నింపి మూసినవి. వీటిలో లీక్ అరుదు, కానీ అసలు జరగదని ఎవరైనా అంటే నమ్మకండి. పంపు ఆగిపోవడం అంతకంటే ఎక్కువగా చూస్తాం. పంపు ఆగితే వేడి వెంటనే పెరిగి ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది, నష్టం పంపుతోనే ఆగుతుంది. లీక్ వల్ల పాడైన భాగాలకు కూడా నష్టపరిహారం ఇస్తామని కొన్ని కంపెనీలు వారంటీలోనే రాస్తాయి. కొనేటప్పుడు ఆ వాక్యం కోసం వెతకండి. ఇంకో భయం కూడా కొందరికి ఉంటుంది, తీరప్రాంతం వాళ్లు తరచూ అడుగుతారు: చల్లటి గ్లాసుకు పట్టినట్టు పైపులకు చెమ్మ పట్టి నీళ్లు కారవా అని. కారవు. గది గాలి కంటే చల్లబడే భాగం ఇందులో ఒక్కటీ లేదు కాబట్టి చెమ్మ పట్టే అవకాశమే లేదు.

బిగించడానికి ఆదివారం ఉదయం పెట్టుకోండి, హడావిడి లేని రోజు. రేపు డెలివరీ ఉందనగా ముందు రాత్రి మొదలుపెట్టకండి. పాత కూలర్ తీసే ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు ఏదైనా బరువైన పనిలో నడిపి ఆపండి. వేడికి ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ మెత్తబడి కూలర్ సులువుగా వస్తుంది. ప్లగ్ పీకేసి, స్క్రూలు వదులుచేసి, కూలర్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పి ఎత్తండి. మీ ప్రాసెసర్ సాకెట్ పట్టీ కింద బిగిసి ఉంటుంది కాబట్టి ఊడిరాదు. ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డులున్నవాళ్లు మాత్రం ఇక్కడ చాలా జాగ్రత్తపడాలి. వాటిలో కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి లేచి వచ్చి పిన్నులు వంగిపోవచ్చు. మిగిలిన పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడవండి. కళ్లజోడు తుడిచే గుడ్డ బాగుంటుంది. మదర్‌బోర్డు వెనక బ్యాక్‌ప్లేట్ (కూలర్ స్క్రూలను పట్టుకునే పలక) పెట్టడానికి కేసు వెనక రేకులో సాకెట్ దగ్గర రంధ్రం ఉంటుంది, బోర్డు విప్పక్కర్లేదు. ఆ బ్యాక్‌ప్లేట్ కాళ్లు జరిపే రకమైతే పాత సాకెట్‌దైన 1200 గుర్తు దగ్గర కాక 1700 గుర్తు దగ్గర ఉన్నాయేమో చూడండి. రెండింటి మధ్య తేడా మూడు మిల్లీమీటర్లే, తప్పు చోట పెడితే స్క్రూలు అందవు.

తర్వాత రేడియేటర్. ఫ్యాన్లు దానికి ముందే బిగించండి. ఫ్యాన్‌కు ఏ వైపు అడ్డకడ్డీలు, స్టిక్కర్ ఉంటాయో గాలి ఆ వైపుకే పోతుంది. కేసు పైకప్పుకు బిగిస్తే గాలి కేసు లోపలి నుంచి పైకి వెళ్లాలి. ఇక్కడ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. డబ్బాలో పొడవు స్క్రూలు, పొట్టి స్క్రూలు రెండూ ఉంటాయి. పొడవువి ఫ్యాన్‌ను రేడియేటర్‌కు పట్టించడానికి, పొట్టివి రేడియేటర్‌ను కేసుకు పట్టించడానికి. తారుమారు చేసి పొడవు స్క్రూను కేసు వైపు నుంచి తిప్పితే అది నేరుగా రేడియేటర్ లోపలి నీటిగొట్టంలోకి దిగుతుంది. నేను దగ్గరుండి చూసిన ఒకే ఒక్క లీక్ అలా జరిగిందే. కూలర్ తప్పు ఏమీ లేదు, ఆ స్క్రూ బిగించిన చెయ్యి తొందరపడింది. స్క్రూ తేలిగ్గా దిగకపోతే ఆపండి, బలం పెట్టకండి.

రేడియేటర్‌ను ఎక్కడ పెట్టాలన్నదానికి కారణం తెలుసుకుంటే ఎప్పటికీ మరచిపోరు. లోపల ఎప్పుడూ కొంచెం గాలి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ ఎత్తైన చోటు పంపు కాకూడదు, రేడియేటర్ కావాలి. పంపులో గాలి చేరితే గరగరమని చప్పుడు, ఆపైన అరుగుదల. అందుకే పైకప్పు ఉత్తమం. చోటు లేకపోతే కేసు ముందు భాగంలో నిలువుగా పెట్టవచ్చు, రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉంటే చాలు. పైపులు అందితే అవి రేడియేటర్‌కు కలిసే చివర కిందికి ఉండేలా పెట్టండి. కేసు అడుగున మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. మీకైతే నేను పైకప్పే చెప్తాను, ఇంకో కారణం కూడా ఉంది: ముందు పెడితే రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలి మీ గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది.

పంపును ప్రాసెసర్ మీద కూర్చోబెట్టే ముందు రాగి పలక మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉందేమో చూడండి. ఆ పొర తీయకుండా బిగించి, కూలర్ పనిచేయట్లేదని షాపుకు తిరిగి తెచ్చేవాళ్లు చాలామంది. పలకకు పేస్ట్ ముందే పూసి ఉంటే అదే చాలు, ఇంకేమీ రాయకండి. లేకపోతే మీ చిప్ నిలువుగా పొడవైనది కాబట్టి మధ్యలో బఠాణీ గింజంత, పైనా కిందా ఇంకాస్త చిన్న చుక్కలు పెట్టండి. నాలుగు స్క్రూలనూ మూలమూలకు ఎదురెదురుగా, ఒక్కోదాన్ని రెండేసి తిప్పులు తిప్పుతూ బిగించండి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోతే పలక ఒరిగి కూర్చుంటుంది, పేస్ట్ ఒక పక్కకే పోతుంది.

వైర్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పంపు వైరును బోర్డు మీద ఏఐఓ పంప్ అని రాసి ఉన్న చోట పెట్టండి, రేడియేటర్ ఫ్యాన్ల వైరును సీపీయూ ఫ్యాన్ అన్న చోట. సీపీయూ ఫ్యాన్ దగ్గర ఏమీ లేకపోతే కొన్ని బోర్డులు ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతాయి, కంగారుపడకండి. కొన్ని పంపులకు పవర్ సప్లై నుంచి వచ్చే సాటా పవర్ వైరు కూడా విడిగా ఇవ్వాలి, ఇవ్వకపోతే లైట్లు వెలగవు, పంపు తిరగదు. లైట్ల వైరులో మూడు పిన్నులుంటే అది 5 వోల్టులది, నాలుగు పిన్నులున్న 12 వోల్టుల చోట బలవంతంగా గుచ్చితే లైట్లు కాలిపోతాయి.

ఆన్ చేయగానే విండోస్‌లోకి పోకుండా బయాస్‌లో ఆగండి. పంపు వేగం అంకెల్లో కనిపించాలి. ఉష్ణోగ్రత ఐదు నిమిషాలు చూడండి. మీ వేసవి గదిలో అది 45, 50 దగ్గర నిలబడితే బాగుంది. ఆగకుండా ఎక్కుతూ పోతే వెంటనే ఆపి, పంపు వైరు, ప్లాస్టిక్ పొర, స్క్రూలు మళ్లీ చూడండి. మొదటి రోజు బుడబుడమని చప్పుడు రావొచ్చు. లోపలి గాలి పైకి చేరేదాకా ఒకటి రెండు రోజులు అలా ఉంటుంది. ఆ తర్వాత వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచి పెట్టి, మీ సొంత పెళ్లి వీడియోనే కనీసం అరగంట ఎక్స్‌పోర్ట్ చేయండి. ఐదు నిమిషాల టెస్ట్ చూసి మురిసిపోకండి, ద్రవం అప్పటికింకా వేడెక్కి ఉండదు. అప్పుడు పవర్ లిమిట్‌ను 125 నుంచి 180కి, ఆపైన 253కి పెంచుతూ ప్రతిసారీ టైం, వేడి రెండూ రాసుకోండి. 180కీ 253కీ మధ్య ఎక్స్‌పోర్ట్ టైం తేడా కొద్ది నిమిషాలే అని తేలితే, నేనైతే వేసవి నాలుగు నెలలు 180 దగ్గరే ఉంచుతాను.

ఫ్యాన్ల హోరు గురించి. ప్రాసెసర్ వేడి క్షణాల్లో ఎగిరి క్షణాల్లో దిగుతుంది, ఫ్యాన్లు దాన్ని వెంబడిస్తే చెవులు పగులుతాయి. బయాస్‌లో ఫ్యాన్ వేగం పెరగడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టే సెట్టింగ్ ఉంటుంది, వాడండి. ద్రవం వేడిని చూపించే కూలర్ అయితే ఫ్యాన్లను దానికే ముడిపెట్టండి. పంపు వేగం మాత్రం మార్చకుండా స్థిరంగా ఉంచండి.

గది సంగతి కూడా మాట్లాడుకోవాలి. మీ ప్రాసెసర్ 253 వాట్లు, 4060 కార్డు 115 వాట్లు. రెండూ కలిసి పనిచేస్తే దాదాపు 370 వాట్ల హీటర్‌ను గదిలో వెలిగించినట్టే. ఏ కూలర్ పెట్టినా ఆ వేడి గదిలోకే వస్తుంది. తలుపులు మూసుకుని కూర్చుంటే గంటలో గది ఇంకా వేడెక్కుతుంది, అది మళ్లీ రేడియేటర్‌లోకే పోతుంది. కేసును గోడకు ఆనించకుండా, పైన పుస్తకాలు, హార్డ్ డిస్కులు పెట్టకుండా చూడండి. గడ్డి కూలర్ వాడటం మంచిదే, కిటికీ తెరిచి వాడండి, తుంపర్లు కేసు మీద పడని దూరంలో ఉంచండి. గది పైకప్పు మీద తెల్లని కూల్ పెయింట్ వేయించగలిగితే వేయించండి. గది నాలుగు డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ కూడా ఆ నాలుగూ తగ్గుతుంది, మీ ఒంటికీ హాయి. పెద్ద ఎక్స్‌పోర్ట్‌లు రాత్రి పదకొండు తర్వాత పెట్టే అలవాటు చేసుకున్నా అంతే లాభం. దుమ్ము మన ఊళ్లలో ఎక్కువ. రెండు నెలలకొకసారి బ్లోవర్‌తో రేడియేటర్ రెక్కలను ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో పట్టుకోండి, గాలి వేగానికి తిరిగిపోనివ్వకండి.

చివరగా, ఇప్పుడున్న ఎయిర్ కూలర్‌ను అమ్మేయకండి, పాత సామాను కింద ఎవరికీ ఇవ్వకండి. దాని బ్రాకెట్లు, స్క్రూలు ఒక కవర్లో వేసి, ఒక చిన్న పేస్ట్ ట్యూబ్‌తో కలిపి అదే డబ్బాలో పెట్టి అటక మీద దాచండి. వారంటీకి పంపిన కూలర్ తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు. మూడేళ్ల తర్వాత ఏ మే నెలలోనో పంపు ఆగిపోయి, రెండు రోజుల్లో పెళ్లివారికి వీడియో ఇవ్వాల్సి వస్తే, ఆ పాత కూలర్ బిగించి, పవర్ లిమిట్ 125 వాట్లకు దించి పని పూర్తిచేసుకోవచ్చు.